మాట దొరకనివాడికి మౌనం మందవుతుందా?

మా ఇళ్ళల్లో డిప్రెషన్ అనే మాట లేదు. జబ్బు లేదని కాదు, మాటే లేదు. హైదరాబాద్ పాతబస్తీలో 'దిల్ ఘబ్రారా' అంటారు. 'జీ నై లగ్ రా' అంటారు. పాడు ఆలోచన ఒకటే వచ్చి పీడిస్తుంటే 'వస్‌వసా' అంటారు. ఉర్దూ రాని దూదేకుల ఇళ్ళల్లో, పల్లెల్లో తెలుగే మాట్లాడే మా వాళ్ళ ఇళ్ళల్లో 'రంది', 'మనాది', 'బెంగ' అంటారు. ఈ మాటలు పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోతే గుండెకి ఇసిజి తీసి, బలానికి గోళీలు రాసి పంపిస్తాడు. మౌల్వీ సాబ్ దగ్గరికి పోతే దువా చదివి నీళ్ళు ఊది ఇస్తాడు. ఆమిల్ దగ్గరికి పోతే జిన్నాత్ అసర్ అని తావీజ్ కడతాడు. అందరూ ఏదో ఒకటి చేస్తారు. కూర్చోబెట్టి 'ఏమైందమ్మా, చెప్పు' అని గంటసేపు వినేవాళ్ళు మాత్రం ఉండరు.

వినడమే వైద్యం అనే పద్ధతి ఒకటుంది. మాట్లాడించి నయం చేసే వైద్యం అది. మాట ఆపి, కుదురుగా కూర్చుని, వచ్చిపోయే శ్వాసనీ వచ్చిపోయే ఆలోచననీ గమనించడం నేర్పే పద్ధతి ఇంకొకటి. దాన్ని ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు. తెలుగులో దానికి 'ఎరుక' కన్నా మంచి మాట మాకు కనిపించలేదు. ఈ రెంటినీ కలిపి వాడే వైద్యం పాతికేళ్ళుగా ప్రపంచంలో బాగా చెలామణీలోకి వచ్చింది. మంచిదే. కానీ ఇక్కడ మేం ఒక ప్రశ్న అడగదలచుకున్నాం. ఒక మనిషి భయం అతని మనసు కల్పించింది కాక, బయటి ప్రపంచం కల్పించిందే అయినప్పుడు, ఆ మనిషిని కళ్ళు మూసుకుని శ్వాస చూసుకోమనడం న్యాయమేనా? అది వైద్యమా, లేక నోరు మూయించే ఇంకో ఉపాయమా?

ముందు మాటల వైద్యం సంగతి చూద్దాం. ఆ పేరు పెట్టింది డాక్టర్ కాదు, రోగి. 1880-82 మధ్య వియన్నాలో డాక్టర్ బ్రాయర్ దగ్గర వైద్యం చేయించుకున్న బెర్తా పాపెన్‌హైమ్ అనే యూదు యువతి. జబ్బుపడ్డ తండ్రికి సేవ చేస్తూ తనే జబ్బుపడింది. కొంతకాలం సొంత భాష జర్మన్ నోటికి రాకుండా పోయి ఇంగ్లీషులోనే మాట్లాడింది. లోపలున్నది చెప్పుకుంటుంటే భారం దిగుతోందని గమనించి, దానికి ఆ పరాయి భాషలోనే 'టాకింగ్ క్యూర్' అని పేరు పెట్టింది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఆమె 'అన్నా ఓ' అనే మారుపేరుతో కనిపిస్తుంది. ఆ వైద్యంతో ఆమెకి పూర్తిగా నయం కాలేదు. తర్వాత కూడా ఆసుపత్రుల్లో ఉంది. కోలుకున్నాక మాత్రం ఊరుకోలేదు. 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘం పెట్టి, తన సమాజంలో ఆడవాళ్ళ హక్కుల కోసం పనిచేసింది. మైనారిటీలో పుట్టి, అందులోనూ స్త్రీ అయి, నోరు పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకున్న మనిషి పెట్టిన పేరు అది. మాకు ఆ కథ పరాయిదనిపించదు.

ఆ తర్వాత ఈ వైద్యం చాలా మారింది. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టర్ ఒక దారి చూపించాడు. దిగులుపడ్డ మనిషికి కొన్ని ఆలోచనలు వాటంతటవే వస్తుంటాయి. 'నేనెందుకూ పనికిరాను', 'అందరూ నన్ను అసహ్యించుకుంటున్నారు' లాంటివి. వాటిని నిజమని నమ్మేసి మనిషి కుంగిపోతాడు. కాబట్టి రోగీ డాక్టరూ కలిసి కూర్చుని ఆ ఆలోచనలకి సాక్ష్యం అడగాలి. సాక్ష్యం లేదని తేలితే ఆలోచన పట్టు సడలుతుంది. ఈ పద్ధతితో లక్షలమంది బాగుపడ్డారు. మేం కాదనం.

కానీ మా దగ్గరికి వచ్చేసరికి దీనికి ఒక చిక్కు వచ్చిపడుతుంది. ఇల్లు అద్దెకి అడగడానికి పోతాడు మా కుర్రాడు. 'టు లెట్' బోర్డు ఉంటుంది. ఇల్లు చూపిస్తారు, అద్దె చెప్తారు, పేరు అడుగుతారు. పేరు చెప్పగానే 'మా బంధువులు వస్తున్నారు బాబూ' అంటారు. నాలుగు వీధుల్లో ఇదే జరుగుతుంది. ఆ కుర్రాడు డాక్టర్ ముందు కూర్చుని 'నా పేరు వింటేనే జనం తలుపులేస్తున్నారు' అంటే ఏం చెయ్యాలి? సాక్ష్యం అడిగితే అతని దగ్గర సాక్ష్యం ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. అప్పుడు మా బస్తీల నుంచి ఎత్తుకుపోయిన యువకుల్లో పలువురిని కోర్టు తర్వాత నిర్దోషులని వదిలేసింది. ఆ వీధిలో ఉండే తల్లి, కొడుకు రాత్రి పదింటికి ఇంటికి రాకపోతే వణికిపోతుంది. ఆమెది లేనిపోని భయం అని ఏ పుస్తకం చూసి చెప్తారు? మా జీవితం తెలియని వైద్యుడు మా నిజాన్ని కూడా మా జబ్బు కింద రాసుకుంటాడు. మాటల వైద్యంలో మొదటి ప్రమాదం ఇదే.

ఇక ఎరుక సంగతి. దీని మూలం బౌద్ధం. పాళీలో దీన్ని 'సతి' అన్నారు. బర్మాలో పుట్టి పెరిగిన గోయెంకా 1969లో మన దేశానికి వచ్చి విపశ్యన పేరుతో దీన్ని మళ్ళీ నేర్పడం మొదలుపెట్టాడు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో జాన్ కబాట్-జిన్ దీన్ని మతం నుంచి విడదీసి, మందులకి లొంగని నొప్పులున్న రోగులకి శిక్షణగా ఇచ్చాడు. నొప్పి పోకపోయినా నొప్పితో రోజూ చేసే యుద్ధం తగ్గిందని చాలామంది చెప్పారు. 1990లలో సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు దీన్ని బెక్ చూపిన దారితో కలిపారు. దిగులు జబ్బు నయమై మళ్ళీ మళ్ళీ తిరగబెట్టేవాళ్ళ కోసం వాళ్ళు తయారుచేసిన వైద్యం అది.

దాని ఫలితాల్లో ఒక సంగతి ఉంది. మా ప్రశ్నకి సగం జవాబు అందులోనే దొరుకుతుంది. 2000లో వాళ్ళు 145 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు మూడుసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు జబ్బుపడ్డవాళ్ళలో, మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్ళకి 66 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఈ శిక్షణ కూడా పొందినవాళ్ళలో 37 శాతం మందికే తిరగబెట్టింది. రెండుసార్లే జబ్బుపడ్డవాళ్ళకి మాత్రం ఏమీ ఉపయోగపడలేదు. 2004లో హెలెన్ మా, టీస్‌డేల్ ఇంకో 75 మంది మీద ఇదే చేసి చూస్తే అలాగే వచ్చింది. వాళ్ళు కారణం కూడా వెతికారు. బయట పెద్ద దెబ్బేదీ తగలకుండానే, మనసు పాత దిగులుని తనంతట తాను నెమరేసుకుని తెచ్చుకునే జబ్బుని ఈ శిక్షణ బాగా ఆపింది. చావో, విడాకులో, నష్టమో, బయటి దెబ్బ తగిలి వచ్చిన జబ్బుని అంతగా ఆపలేకపోయింది.

అంటే శ్వాస చూసుకోవడం దేనికి మందో దేనికి కాదో ఆ వైద్యం చేసినవాళ్ళే చెప్పారు. మనసు చేసే నెమరుకి అది మందు. లోకం వేసే దెబ్బకి కాదు.

ఈ తేడా చాలా పాతది. 850లో పుట్టి 934లో పోయిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం జబ్బుల్నీ మనసు జబ్బుల్నీ ఒకే పుస్తకంలో రాశాడు. దుఃఖం రెండు రకాలన్నాడు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి, కారణం తెలియని దుఃఖం ఇంకొకటి. కారణం తెలియనిదానికి శరీరానికి వైద్యం చెయ్యమన్నాడు. కారణం తెలిసినదానికి బయటినుంచి మంచి మాట, లోపలినుంచి మంచి ఆలోచన కావాలన్నాడు. ఇంట్లో మందులు ముందే దాచిపెట్టుకున్నట్టు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలు దాచిపెట్టుకోమన్నాడు. నఖ్షబందీ సూఫీలకి 'హోష్ దర్ దమ్' అనే నియమం ఉంది. ప్రతి శ్వాసలోనూ ఎరుకతో ఉండమని దానర్థం. అంతా మా కితాబుల్లోనే ఉందని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ గొప్పలు పోయే జబ్బు ఈ దేశంలో ఇప్పటికే చాలామందికి ఉంది, మాకూ అంటించుకోవలసిన పని లేదు. కళ్ళు మూసుకుని కూర్చుంటే షిర్క్ అవుతుందేమోనని భయపడే మా వాళ్ళకి, మతం దొడ్డిదారిన వస్తోందేమోనని అనుమానపడే సెక్యులర్ మిత్రులకి ఒకేసారి చెప్తున్నాం. శ్వాస ఏ మతం సొత్తూ కాదు. మంత్రమూ వద్దు, దేవుడూ వద్దు, కూర్చుంటే చాలు అనేవాళ్ళున్నారు. నమాజ్ తర్వాత కాసేపు కూర్చుని చేసుకుంటాం అనేవాళ్ళున్నారు. ఇద్దరికీ చోటుండాలి.

అసలు అభ్యంతరం అది కాదు. దీన్ని వాడుకునే తీరు మీద. పన్నెండు గంటలు పనిచేయించుకునే కంపెనీ, పని తగ్గించకుండా మధ్యాహ్నం పది నిమిషాలు ధ్యానం చేయిస్తుంది. అమెరికాలోనే రొనాల్డ్ పర్సర్ 2019లో ఈ వ్యాపారాన్ని ఎండగడుతూ ఒక పుస్తకం రాశాడు. మన దగ్గర అంబేద్కర్ 1956లో బౌద్ధం తీసుకున్నది కళ్ళు మూసుకోవడానికి కాదు. ఆయన పోయాక 1957లో వచ్చిన 'బుద్ధుడు, అతని ధమ్మం'లో, మనిషి మనిషికి చేసే అన్యాయం నుంచి పుట్టే దుఃఖాన్నే ముందుకు తెచ్చాడు. దుఃఖానికి మూలం నీ కోరికే అని కూలివాడికి చెప్తే, కూలి ఎగ్గొట్టినవాడు తప్పించుకుపోతాడు.

మరైతే ఎరుక మాకు వద్దా? కావాలి. ఎందుకు కావాలో ఆ ఇల్లు దొరకని కుర్రాడి దగ్గరే తెలుస్తుంది. అతని ఆలోచన నిజం. నిజమైన ఆలోచనని వాదించి ఓడించలేం, బెక్ పద్ధతి అక్కడ ఆగిపోతుంది. కానీ ఆ నిజం రాత్రి రెండింటికి కూడా అతని మంచం మీద కూర్చుని ఉంటోంది. తలుపు వేసింది నాలుగిళ్ళవాళ్ళు. రాత్రంతా వెయ్యిసార్లు తలుపు వేసేది అతని మనసే. ఆ నాలుగు తలుపుల లెక్క అడగడానికి పత్రికలున్నాయి, కోర్టులున్నాయి, ఉద్యమాలున్నాయి. వెయ్యి తలుపుల సంగతి అతనొక్కడే చూసుకోవాలి. అక్కడ ఎరుక పనికొస్తుంది. 'ఇదిగో, ఆ ఆలోచన మళ్ళీ వచ్చింది' అని చూసి, దానితో కొట్టుకోకుండా, దాని వెంట పరిగెత్తకుండా, వదిలేయడం. ఆలోచన అబద్ధమని చెప్పాల్సిన అవసరం లేదు. జరిగింది జరిగిందని ఒప్పుకోవడం వేరు, జరిగింది న్యాయమని ఒప్పుకోవడం వేరు. నిద్రపోయిన మనిషే పొద్దున్నే లేచి దరఖాస్తు రాయగలడు, నలుగుర్ని పోగుచెయ్యగలడు.

అందుకే ఈ రెండూ కలవాలి అంటున్నాం. కలవడంలో వరస కూడా ముఖ్యం. ముందు మాట. ఆ తర్వాతే మౌనం. ఏది లోకం చేసింది, ఏది మనసు చేస్తోంది అని విడదీసేది మాటే. ఆ విడదీత జరక్కుండా శ్వాస చూసుకోమంటే, కుర్రాడు రెంటినీ తన తప్పే అనుకుంటాడు. ఇంకో కారణం కూడా ఉంది. అల్లర్లలో దారుణాలు చూసినవాళ్ళని ఉన్నపళంగా కళ్ళు మూసుకుని కూర్చోమంటే ఆ దృశ్యాలే మీద పడొచ్చు. 1990 డిసెంబర్ హైదరాబాద్ అల్లర్లు చూసిన మనిషికైనా, 2002 గుజరాత్ చూసిన మనిషికైనా ముందు నమ్మకమైన ఒక మనిషి ఎదురుగా కూర్చుని వినాలి. అప్పుడు కూడా అవసరమైతే కళ్ళు తెరిచే, నడుస్తూనే ఎరుక నేర్పొచ్చు.

ఇంతవరకు బయటివాళ్ళతో మాట్లాడాం. ఇక మా ఇంటి సంగతి. మాట దొరకనివ్వకపోవడంలో మా పెద్దలు ఎవరికీ తీసిపోరు. ఆడపిల్ల ఏడిస్తే 'సబ్ర్ కరో బేటీ' అంటారు. మగపిల్లాడు దిగులుపడితే 'ఈమాన్ కమ్‌జోర్ హై' అంటారు. సబ్ర్ అంటే నోరు మూసుకోవడమని ఎవరు చెప్పారు? యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు పోగొట్టుకున్న యాఖూబ్ ప్రవక్త ఈమాన్ కమ్‌జోరా? బీవీ ఖదీజా, అబూ తాలిబ్ పోయిన సంవత్సరానికి ముస్లింలు 'దుఃఖ సంవత్సరం' అనే పేరు పెట్టుకున్నారు. దుఃఖం దాచుకోవలసిన అవమానమైతే ఏడాదికే ఆ పేరెలా పెడతారు? 1095లో బాగ్దాద్‌లో పాఠం చెప్తూ చెప్తూ ఇమామ్ గజాలీకి నోరు పడిపోయింది. అన్నం సహించలేదు. వైద్యులు ఇది మనసులో పుట్టిన జబ్బని చేతులెత్తేశారు. ఇదంతా ఆయనే రాసుకున్నాడు. ఇమామ్ రాసుకోవడానికి సిగ్గుపడనిది మా గల్లీలో చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

దర్గాలని తిట్టడం మా ఉద్దేశం కాదు. హిందువులూ ముస్లింలూ కలిసి గోడు చెప్పుకునే చోట్లు ఈ నేలమీద ఎక్కువ మిగల్లేదు. దర్గా చలువరాతి మీద తల ఆనించి గంటసేపు ఏడ్చి లేచే ఆడమనిషికి ఆ గంట నిజంగానే కొంత మందు. కానీ ఏడ్వనివ్వడం వేరు, గొలుసుతో కట్టేయడం వేరు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక కాలిపోయారు. 28 మంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. అంతకన్నా మంచి దారి గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర 2008లో మొదలైంది. దాని పేరే 'దవా, దువా'. దర్గా ముజావర్లే రోగిని పక్కనున్న డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. దువా మానమని ఎవరూ అనరు, దవా కూడా తీసుకోమంటారు. మన దర్గాల దగ్గర, మసీదుల దగ్గర ఇలాంటిది ఎందుకు పెట్టుకోకూడదు?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చెవుల్లో గొంతులు వినిపించేవాళ్ళకి, చచ్చిపోవాలనిపించేవాళ్ళకి మాటా ఎరుకా మాత్రమే చాలవు. డాక్టర్ కావాలి, మందులు కావాలి. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ఆయా మానసిక జబ్బులున్నవాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందలేదు. డబ్బు లేక కొంత, సిగ్గుతో కొంత. హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అంటే ఒక ఆసుపత్రి ఉన్న చోటు కాదు, తిట్టు. పేదవాడికి అందుబాటులో ఉన్న ప్రభుత్వాసుపత్రిని తిట్టుగా మార్చిన నాలుక మనది, హిందువులదీ ముస్లింలదీ అందరిదీ. ఆ తిట్టు మానుకుంటే ఖర్చేమీ లేదు. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం 14416 అనే ఫోన్ నంబర్‌తో టెలిమానస్ సేవ మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు. అయితే ఫోన్ ఎత్తిన మనిషికి 'మనాది' అంటే తెలియాలి. 'దిల్ ఘబ్రారా' అంటే గుండెపోటు కాదని తెలియాలి. భాష రాని చోట మాటల వైద్యం ఎలా జరుగుతుంది?

సెక్యులర్ మిత్రులకి మేం చెప్పేదొకటుంది. మా కుర్రాళ్ళలో మనసు వైద్యం చదివేవాళ్ళు పెరగాలి, అది మా పని. ఇప్పటికే ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు మా బతుకు తెలుసుకోవాలి, అది మీ పని. మా భయం విన్నప్పుడు 'అలా ఏం ఉండదులెండి' అని తోసెయ్యకండి. 'అయ్యో పాపం, మీవాళ్ళంతా ఇంతే కష్టపడుతున్నారు' అని మమ్మల్నొక గుంపుగానూ చూడకండి. ఎదురుగా కూర్చున్న ఆ ఒక్క మనిషి చెప్పేది వినండి. ఆమె అత్త గురించి చెప్పొచ్చు, అప్పు గురించి చెప్పొచ్చు. ముస్లిం అయినంత మాత్రాన ఆమె ప్రతి దుఃఖమూ మతం దుఃఖం కాదు.

మాట దొరకనివాడికి మౌనం మందవుతుందా అని అడిగాం. కాదు. అది వాడికి ఇంకో శిక్ష. చెప్పుకోవలసింది చెప్పుకున్నాక, విన్నవాళ్ళు నమ్మాక, అప్పుడు కుదురుగా కూర్చుని ఒక శ్వాస తీసుకుంటే అది మందవుతుంది. ఆ మొదటి పని మిగిలి ఉండగానే రెండోది నేర్పడానికి వచ్చేవాళ్ళని మేం కాస్త ఆగమంటాం. ముందు కూర్చోండి. మేం చెప్పేది ఇంకా అయిపోలేదు.